ఇంట్లో క్రాంక్ ఆర్గన్ కట్టేవాళ్లకు: ఇరుసు, తిత్తి, బెల్ట్‌లలో ఏది ఎంచుకోవాలి?

హార్మోనియం ముందు కూర్చున్నవాళ్ల ఎడమచెయ్యి గాలి చూసుకుంటుంది, కుడిచెయ్యి పాట చూసుకుంటుంది. ఎడమచెయ్యి ఒక క్షణం తడబడినా తాళం తప్పదు. క్రాంక్ ఆర్గన్‌లో, అంటే హ్యాండిల్ తిప్పితే కాగితం మీది చిల్లుల ప్రకారం గొట్టాలు వాటంతటవే పలికే వాద్యంలో, ఆ వెసులుబాటు లేదు. పక్కనున్న ఒక్క హ్యాండిలే తిత్తులు ఊదాలి, చిల్లులు కొట్టిన కాగితాన్నీ అదే లాగాలి. తిత్తి బరువెక్కిన చోట చెయ్యి నెమ్మదిస్తే కాగితం నెమ్మదిస్తుంది, పాట సాగుతుంది. బరువు దిగిన చోట పాట పరుగెడుతుంది. గొట్టాలు ఎంత తియ్యగా పలికినా, చుట్టుకొకసారి కుంటే పాటను నిలబడి వినడం కష్టం.

అందుకే ఏ భాగం ఎంచుకోవాలన్నా నేను ముందు ఒకటే చూస్తాను: దీనివల్ల హ్యాండిల్ చుట్టంతా ఒకేలా తిరుగుతుందా, లేదా? ధర, అందం, మన్నిక ఆ తర్వాత. చెన్నై పెరంబూరులో మా మేడమీది గదిలో రెండు ఆర్గన్లు కట్టాను. మొదటిది విప్పి, సగం భాగాలు మార్చి, రెండోది చేశాను. ఇక్కడ రాస్తున్నది ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదే. గొట్టాలు, వాటి శ్రుతి వేరే కథ. తిరిగేవి, ఊదేవి, లాగేవి మాత్రమే ఇప్పుడు చూద్దాం.

రకం గురించి రెండు మాటలు. పాతకాలపు ఆర్గన్లలో పాట ఒక చెక్క పీపా మీద మేకుల రూపంలో ఉండేది. ఆ పీపా మీదున్న కొద్దిపాటి పాటలు దాటి కొత్తది కావాలంటే పీపానే మార్చాలి. 1892లో పారిస్‌లోని గావియోలీ కంపెనీ చిల్లుల అట్టను పుస్తకంలా మడిచి వాడే పద్ధతికి పేటెంటు తీసుకుంది. ఇంట్లో కట్టేవాళ్లకు వీటికన్నా కాగితం చుట్టే మేలు. కత్తెర, స్కేలు, పంచ్ ఉంటే కొత్త పాట మనమే చేసుకోవచ్చు. ఇంగ్లండ్‌కు చెందిన జాన్ స్మిత్ గీసిన 20 స్వరాల బస్కర్ (వీధి కళాకారుల) ఆర్గన్ ప్లాన్లతో చాలా దేశాల్లో చాలామంది మొదలుపెట్టారు. 110 మి.మీ. వెడల్పు కాగితం మీద 20 స్వరాలు, అంటే ఒక్కో స్వరానికి సగటున 5.5 మి.మీ. చోటు. మొదటిసారి కట్టేవాళ్లు 20 దాటవద్దని నా సలహా. కాగితపు చిల్లులోంచి గాలి నేరుగా గొట్టంలోకి పోయే పద్ధతే తీసుకోండి. ప్రతి స్వరానికి తోలు పొరతో పనిచేసే వాల్వు పెట్టే పద్ధతి కూడా ఉంది. దానితో పెద్ద మంద్ర గొట్టాలకు కూడా కావలసినంత గాలి అందుతుంది. కానీ 20 వాల్వుల్లో ఏ ఒక్కటి కారినా వెతకడానికి ఒక ఆదివారం పోతుంది.

తిత్తులు రెండా, మూడా?

ఈ ఒక్క నిర్ణయం మీద మిగతా యంత్రమంతా ఆధారపడుతుంది. అందుకే కాస్త లెక్క వేద్దాం.

ఒక వైపు కీలు, ఇంకో వైపు తెరుచుకునే తిత్తి అనుకోండి. పలక 250 మి.మీ. పొడవు, 150 మి.మీ. వెడల్పు. తెరుచుకునే అంచు 60 మి.మీ. లేస్తుంది. సగటు ఎత్తు 30 మి.మీ. కాబట్టి ఒక ఊపుకు 1.125 లీటర్ల గాలి వస్తుంది. ఇలాంటివి రెండు ఎదురెదురుగా ఉంటే చుట్టుకు 2.25 లీటర్లు. నిమిషానికి 64 చుట్లు తిప్పితే లీకులు పోకముందు 144 లీటర్లు. 20 స్వరాల చిన్న ఆర్గన్‌కు ఇది చాలు.

ఇప్పుడు చేతికి తెలిసే బరువు. ఒత్తిడి 150 మి.మీ. నీటి మట్టం, అంటే నీటిని అంత ఎత్తుకు నిలబెట్టేంత, అనుకుందాం. ఆ పలక మీద మొత్తం బలం ఐదున్నర కిలోలు. ఒక వైపు కీలు ఉంది కాబట్టి రెండో అంచు దగ్గర అందులో సగమే మొయ్యాలి. క్రాంక్ చేయి (ఇరుసు నడిమి నుంచి తిత్తిని నడిపే పిన్ను దాకా దూరం) 30 మి.మీ., హ్యాండిల్ 120 మి.మీ. అయితే హ్యాండిల్ దగ్గర గరిష్ఠంగా 700 గ్రాములు పడుతుంది. ఎవరైనా తిప్పగలరు. చిక్కు ఎక్కడంటే, రెండు తిత్తులున్నప్పుడు ఆ బరువు ప్రతి చుట్టులో రెండుసార్లు సున్నాకు పడిపోయి మళ్లీ 700కు లేస్తుంది. చెయ్యి ఆ ఎగుడుదిగుడును పాటలోకి దింపేస్తుంది.

అదే గాలిని మూడు చిన్న తిత్తులతో, 120 డిగ్రీల తేడాతో ఊదితే బరువు సుమారు 400కు, 470 గ్రాములకు మధ్యే ఆడుతుంది. పలక వెడల్పు 150 బదులు 100 మి.మీ. చేస్తే మూడూ కలిపి 300 మి.మీ. లోనే ఇమిడిపోతాయి. పెట్టె పెరగదు. నా మొదటి ఆర్గన్‌కు రెండు, రెండోదానికి మూడు. మూడు తిత్తులదాన్ని మొదటిసారి తిప్పినప్పుడు బెల్ట్ జారిపోయిందేమో అనుకుని ఆపి చూశాను. అంత సాఫీగా ఉంది.

బరువైన ఫ్లైవీల్ బిగిస్తే రెండు తిత్తులతోనే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. 200 మి.మీ. అడ్డకొలత, 2 కిలోల బరువున్న చక్రంలో ఈ వేగం దగ్గర నిలవుండే శక్తి 0.22 జౌల్. ఒక్క ఊపుకు కావలసింది 1.65 జౌల్. చక్రం తిరిగేది మరీ నెమ్మదిగా కాబట్టి దాని సాయం చేతికి తెలియదు. మోసుకెళ్లాల్సిన బరువు మాత్రం తెలుస్తుంది.

క్రాంక్: మూడు దారులు

మొదటి దారి, ఒకే క్రాంక్. పైన ఒక తిత్తి, కింద ఒక తిత్తి, మధ్యలో ఒకే కదిలే పలక. పలక పైకి వెళితే పైతిత్తి ఊదుతుంది, కిందికి వస్తే కిందితిత్తి ఊదుతుంది. ఒక పలక, ఒక రాడ్, ఒక పిన్. ఇంతకన్నా సులువైనది లేదు. రెండో దారి, 180 డిగ్రీల తేడాతో రెండు పిన్నులు, రెండు విడి తిత్తులు. దీనిలో పని రెట్టింపు, హ్యాండిల్ నడక మాత్రం మొదటిదానిలాగే ఉంటుంది. కాబట్టి ఇది ఎంచుకోవడానికి కారణం నాకు కనిపించలేదు. మూడో దారి, మూడు పిన్నుల క్రాంక్. చేతనైతే ఇదే చెయ్యండి. చేతకాకపోతే మొదటిదే చెయ్యండి.

మూడు పిన్నుల క్రాంక్‌ను ఒకే కడ్డీని వంచి చెయ్యాలని చూడకండి. 10 మి.మీ. కడ్డీని మూడు వైపులా సరైన కోణంలో వంచడం వైస్‌తో, సుత్తితో అయ్యేది కాదు. వెల్డింగ్ కూడా వద్దు. నేను అంబత్తూరు వైపు ఒక వర్క్‌షాపులో పిన్నులు వెల్డ్ చేయించాను. వేడికి లాగేసి, పిన్నుల చివర్లు 2 మి.మీ. పక్కకు పోయాయి. ప్రతి చుట్టుకూ ఒక రాడ్ పక్కదాన్ని ఒరుసుకుని కీచుమనేది. మళ్లీ కోసి తియ్యాల్సి వచ్చింది.

చివరికి కుదిరింది బిగింపుల క్రాంక్. 8 మి.మీ. మందం ఇనుప బిళ్లలు నాలుగు, వాటి మధ్య మూడు 10 మి.మీ. పిన్నులు, రెండు కొసలా 12 మి.మీ. ఇరుసు ముక్కలు. కిటుకంతా డ్రిల్లింగ్‌లో ఉంది. నాలుగు బిళ్లలనూ ఒకదాని మీద ఒకటి పెట్టి క్లాంప్‌తో బిగించి, నడిమి రంధ్రం, మూడు పిన్ను రంధ్రాలు ఒకేసారి వేయించండి. అప్పుడు కొలతలో ఒక వెంట్రుక తప్పు వచ్చినా నాలుగింటిలో ఒకేలా వస్తుంది, పిన్నులు సమాంతరంగానే ఉంటాయి. 120 డిగ్రీలు గుర్తు పెట్టడానికి కోణమానిని అక్కర్లేదు. 30 మి.మీ. వ్యాసార్థంతో వృత్తం గీసి, డివైడర్‌ను 52 మి.మీ. దగ్గర తెరిచి మూడుసార్లు తిప్పితే మూడు బిందువులు వస్తాయి. అలెన్ స్క్రూ పడే చోట పిన్నును ఆకురాయితో కొంచెం చదును చేసి బిగించండి. గుండ్రని ఒంటి మీద బిగించిన స్క్రూ ఎంత గట్టిగా ఉన్నా ఒకరోజు జారుతుంది. నాకు అది వినాయక చవితి పందిట్లో, పిల్లలంతా చుట్టూ ఉన్నప్పుడు జారింది.

బేరింగులకు ఎక్కువ ఆలోచన అక్కర్లేదు. ఇరుసు రెండు కొసలకూ 6201 బాల్ బేరింగులు, రబ్బరు సీల్ ఉన్నవి. లోపలి రంధ్రం 12 మి.మీ., బయటి కొలత 32. చెన్నై ప్యారిస్ కార్నర్ చుట్టుపక్కల హార్డ్‌వేర్ వీధుల్లో ఎక్కడైనా దొరుకుతాయి. రాడ్ల కొసల్లో మాత్రం బాల్ బేరింగులు పెట్టకండి. పిన్ను మీద కొంచెం వదులు వచ్చినా టకటకమంటాయి, ఆ శబ్దం ప్లైవుడ్ పెట్టెలో డోలులా మోగుతుంది. అక్కడ నైలాన్ బుష్ నయం. రాడ్లు టేకువి చేయించుకోండి, ఇనుపవి వద్దు. చెక్క శబ్దాన్ని మింగేస్తుంది.

తోలా, రెక్సినా?

చెన్నైలో ఉన్నవాళ్లకు ఈ విషయంలో అదృష్టం ఉంది. తోలు వ్యాపారానికి పేరుపడ్డ పెరియమెట్ మన ఊళ్లోనే ఉంది. నేను వెళ్లిన కొట్టులో ఉన్న పెద్దాయనది నెల్లూరు వైపు. నా మాట విని వెంటనే తెలుగులోకి దిగారు.

"చెప్పులకా, సంచులకా నాయనా?"

"గాలి తిత్తికి, పెద్దాయనా. పలచగా ఉండాలి, గాలి పోకూడదు."

ఆయన లోపల్నుంచి నాలుగు మేకతోళ్లు తెచ్చారు. ఒక్కొక్కటీ వెలుతురుకెత్తి పట్టి, తర్వాత పెదవులకు ఆనించి గాలి లోపలికి పీల్చారు. రెండు తోళ్లు పెదవులకు అతుక్కుపోయాయి, రెంటిలోంచి సన్నగా ఈల వచ్చింది. ఈల వచ్చినవి పక్కన పెట్టేశారు. నేనూ పీల్చి చూశాను. కొనేటప్పుడు మీరూ అలాగే చూడండి. మెడ దగ్గరి భాగం, పొట్ట దగ్గరి భాగం ఒకేలా ఉండవు కాబట్టి తోలు నాలుగు చోట్లా చూడాలి. 0.6 నుంచి 0.8 మి.మీ. మందం సరిగ్గా ఉంటుంది.

రెక్సిన్ చవక, గాలి అస్సలు పోదు, కొలతకు తేలిగ్గా కొయ్యొచ్చు. మొదటి ఆర్గన్‌కు నేను పాలియురెథేన్ పూత రెక్సిన్ వాడాను. మన సముద్రపు గాలిలోని తేమ ఆ పూతను మెల్లగా కుళ్లబెడుతుంది. మూడో ఏడాదికి మడతల దగ్గర పొలుసులుగా రాలింది. పీవీసీ రెక్సిన్ అలా రాలదు గానీ, ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. గట్టిపడ్డ మడత ప్రతి ఊపులోనూ చేతి మీద బరువు వేస్తుంది. రబ్బరు పూసిన పలచటి గుడ్డ దొరికితే అది తోలుకు దగ్గరగా వస్తుంది, తూకానికి తేలిక. తోలు, రబ్బరు గుడ్డ రెండూ దొరికితే ఊదే తిత్తులకు గుడ్డ, వాటిలో గాలిని ఒక్కవైపే పోనిచ్చే వాల్వు రెక్కలకు తోలు వాడమంటాను. రెక్కలకు తోలును మించింది లేదు. గరుకు వైపు చెక్క మీద పడేలా అతికిస్తే చప్పుడు లేకుండా మూసుకుంటుంది.

బంక విషయంలో మా వీధి ఆచారి గారి మాట విన్నాను. ఆయన కాచిన వజ్రం బంకే (జంతువుల తోలు, ఎముకల నుంచి తీసేది) వాడమన్నారు. తోలుకు, చెక్కకు అది బాగా పడుతుంది, రిపేరు వచ్చినప్పుడు వేడినీటి గుడ్డ పెడితే ఊడి వస్తుంది. కాంటాక్ట్ బంక వేసినది ఊడదియ్యాలంటే ప్లైవుడ్ పొర కూడా వచ్చేస్తుంది. తేమలో వజ్రం మెత్తబడే మాట నిజమే, అందుకని తోలు అంచుల మీద సన్నటి గుడ్డ పట్టీ కూడా వేసుకోవాలి. రబ్బరు గుడ్డకు మాత్రం కాంటాక్ట్ బంకే.

అతికాక లీకు చూడడానికి అగరుబత్తి చాలు. ఫ్యాను ఆపేసి, తిత్తిని మెల్లగా నొక్కి పట్టుకుని, పుల్లను అతుకుల వెంట నడపండి. పొగ నిటారుగా లేచినంతసేపు మంచిదే. నా దానిలో మూల దగ్గర పొగ ఒక్కసారిగా పక్కకు వంగింది. కంటికి కనిపించని సూదిబెజ్జం అక్కడ ఉంది.

నిల్వ తిత్తికి బరువా, స్ప్రింగా?

ఊదిన గాలి నిలవుండి, సమంగా బయటికి పోవడానికి పైన ఇంకో తిత్తి ఉంటుంది. దాని మీద బరువు పెడితే తిత్తి ఎంత తెరుచుకున్నా ఒత్తిడి ఒకేలా ఉంటుంది, సిద్ధాంతంగా అదే ఉత్తమం. కానీ 300 × 200 మి.మీ. పలక మీద 150 మి.మీ. నీటి ఒత్తిడి రావాలంటే 9 కిలోలు పెట్టాలి. ఇంట్లో ఒక మూల కదలకుండా ఉండే ఆర్గన్‌కు సరే. భుజాన వేసుకెళ్లేదానికి, బండి మీద కుదుపులు తినేదానికి కుదరదు.

స్ప్రింగుతో చిక్కు, సాగేకొద్దీ బలం పెరుగుతుంది, దానితో శ్రుతి పెరుగుతుంది. దీనికి మందు పొడుగాటి, మెత్తటి స్ప్రింగు. ముందే 160 మి.మీ. సాగదీసి బిగించిన స్ప్రింగు, తిత్తి తెరుచుకున్నప్పుడు ఇంకో 40 సాగితే బలం 25 శాతమే పెరుగుతుంది. ముందే 40 సాగదీసినదైతే రెట్టింపవుతుంది. పొట్టి గట్టి స్ప్రింగులు ఎప్పుడూ వద్దు. తిత్తి పూర్తిగా నిండబోయేటప్పుడు ఎక్కువ గాలి వదిలే వాల్వు తప్పనిసరి. అది లేకపోతే నిశ్శబ్దం ఎక్కువున్న పాటలో హ్యాండిల్ ఒక్కసారిగా రాయిలా బిగుసుకుంటుంది. ఒత్తిడి చూసుకోవడానికి పారదర్శక గొట్టాన్ని ఇంగ్లిష్ యు ఆకారంలో వంచి, సగం నీళ్లు పోసి, స్కేలు పక్కన కట్టుకుంటే సరిపోతుంది. రెండు వైపుల నీటి మట్టాల తేడాయే ఒత్తిడి.

కాగితం లాగే ఏర్పాటు

ఇక్కడ ఎంచుకోవాల్సినవి రెండు: శక్తిని దేనితో పంపాలి, కాగితం చుట్టుకునే కండె ఎంత లావుండాలి.

సైకిల్ చైన్ గట్టిది, కానీ పాటలో దాని గరగర వినిపిస్తుంది. రిచీ స్ట్రీట్‌లో త్రీడీ ప్రింటర్ల కోసం అమ్మే పళ్ల బెల్ట్ అస్సలు జారదు. అదే దాని లోపం కూడా. కాగితం ఎక్కడైనా ఇరుక్కుంటే బెల్ట్ ఆగదు, కాగితం చిరుగుతుంది. గంటల తరబడి చిల్లులు కొట్టిన పాట చేతిలో రెండు ముక్కలవడం చూశాక నేను దాన్ని తీసేశాను. గుండ్రటి పాలియురెథేన్ బెల్ట్ నాకు నచ్చింది. మామూలుగా గట్టిగా పట్టుకుంటుంది, ఇరుక్కున్నప్పుడు జారుతుంది. కొసలను వేడి చేసి అతికించుకుంటే ఏ కొలతకైనా సరిపోతుంది. అది దొరకనివాళ్లు కాలితో తొక్కే కుట్టుమిషన్ తోలు బెల్ట్ వాడొచ్చు. వానాకాలంలో సాగుతుంది, ఒక అంగుళం కోసి మళ్లీ క్లిప్పు వేసుకోవాలి. వెనక్కి చుట్టడానికి క్లచ్చులు, గేర్లు ఏమీ అక్కర్లేదు. బెల్ట్‌ను కప్పీ మీదనుంచి పక్కకు జరిపి, కాగితం వచ్చే కండెకు ఒక చిన్న పిడి పెట్టి చేత్తో తిప్పితే చాలు. కాగితం వదులవకుండా ఆ కండె పక్కన ఫెల్టు ముక్క ఒకటి ఒత్తుకునేలా పెట్టండి.

కండె లావు గురించి ఎవరూ ముందే చెప్పరు. కాగితం చుట్టుకునేకొద్దీ చుట్ట లావవుతుంది, చుట్ట లావయ్యేకొద్దీ అదే హ్యాండిల్ వేగానికి కాగితం వేగం పెరుగుతుంది. 0.1 మి.మీ. మందం కాగితం 15 మీటర్లు చుట్టామనుకోండి. కండె 30 మి.మీ. అడ్డకొలతదైతే చివరికి చుట్ట 53 మి.మీ. అవుతుంది, పాట వేగం ఒకటిముప్పావు రెట్లు దాటుతుంది. కండె 60 మి.మీ. దైతే చివరికి 74 మి.మీ. అవుతుంది, పెరుగుదల నాలుగో వంతులోపే. ఆ కొంచెం చిల్లులు కొట్టేటప్పుడే చివరి భాగాన్ని కాస్త సాగదీసి సర్దుకోవచ్చు. లావు కండెకు తగ్గింపు కూడా ఎక్కువ కావాలి. నిమిషానికి 3 మీటర్ల కాగితం నడవాలంటే 60 మి.మీ. కండె 16 చుట్లు తిరగాలి. హ్యాండిల్ 64 చుట్లు కాబట్టి కప్పీలు 4కు 1. చిన్న కప్పీ 25, పెద్దది 100 మి.మీ. చాలు. కాగితాన్ని రబ్బరు రోలరుతో లాగితే వేగం అసలు మారదు, కానీ తేమకు కాగితం ఉబ్బినప్పుడు రోలరు దాన్ని ఓ పక్కకు తోసేస్తుంది. నేను ఆ దారి వదిలేశాను.

పైన కాగితం జారే, గొట్టాలకు గాలి పంపే చిల్లుల పట్టీకి ఇత్తడి మంచిది, నునుపు పోదు. యాక్రిలిక్‌ను లేజర్‌తో కోయిస్తే 20 రంధ్రాలూ కొలతకు అచ్చుగుద్దినట్టు వస్తాయి, పని గంటలో అయిపోతుంది, మొదటి ఆర్గన్‌కు అదే తీసుకోండి. చెక్క వద్దు. నవంబర్ వానల్లో చెక్కా ఉబ్బుతుంది, కాగితమూ ఉబ్బుతుంది, రెండూ ఒకే లెక్కలో ఉబ్బవు. పట్టీ మీద అంచు స్వరాలు పక్క చిల్లులోకి తొంగిచూస్తాయి. కండె పక్క బిళ్లల మధ్య 110కి బదులు 111 మి.మీ. వదిలితే ఆ నెలలో ఊపిరాడుతుంది.

చివరగా హ్యాండిల్. 150 మి.మీ. పొడుగైతే తేలిగ్గానే తిరుగుతుంది, కానీ నిమిషానికి 64 సార్లు అంత పెద్ద వలయం చుట్టేసరికి భుజం పడిపోతుంది. 120 నాకు సరిపోయింది. మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్లు, దాని చెయ్యి ఆ వలయం పైభాగానికి అందక అక్కడే తాళం తప్పేది. అదే హ్యాండిల్ పట్టీకి 90 మి.మీ. దగ్గర ఇంకో రంధ్రం వేసి, పిడి అక్కడికి మార్చాను. బరువు కొంచెం పెరిగింది గానీ, ఇప్పుడది తాళం తప్పకుండా తిప్పుతోంది.